యంత్రం వాళ్లది, నోట్లు మావి

ఎరువులు అమ్మడానికి మా దుకాణానికి ఒక లైసెన్సు ఉంది. పురుగుమందులకు ఇంకొకటి, విత్తనాలకు మరొకటి. మూడింటికీ ఫ్రేములు కట్టించి కౌంటరు వెనక గోడకు తగిలించాం. లైసెన్సు లేనిదే వ్యాపారం ఉండదని తెలిసిన ఊరు మాది. అందుకే పక్క గదిలో ఏటీఎం పెట్టించిన దగ్గర నుంచి అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే: "దీని లైసెన్సు ఎక్కడ తీసుకున్నావమ్మా? మాకూ ఒకటి ఇప్పించరాదూ?"

తీసుకోలేదు. ఏటీఎం పెట్టుకోవడానికి మన దేశంలో మామూలు మనిషికి గానీ, చిన్న దుకాణానికి గానీ ఇచ్చే లైసెన్సంటూ ఏదీ లేదు. ఇప్పిస్తామని ఎవరైనా ఫోను చేస్తే మారుమాట లేకుండా పెట్టేయండి. మాది పల్నాడులో ఒక మండల కేంద్రం. ఇలాంటి ఫోన్లను నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు. అడిగిన ప్రతివారికీ కౌంటరు దగ్గర నిలబడి చెప్పాలంటే ఎరువుల బేరం సాగదు కాబట్టి, తెలిసినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఏటీఎం నడపడం అంటే చట్టం దృష్టిలో చెల్లింపుల వ్యవస్థను నడపడం. 2007లో వచ్చిన పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా ఆ పని ఎవరూ చేయకూడదు. 2012 దాకా ఏటీఎంలు పెట్టే అధికారం బ్యాంకులకే ఉండేది. ఆ ఏడాది జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇతర కంపెనీలకూ అవకాశం ఇచ్చింది. ఎలాంటి కంపెనీలకు? నికర విలువ 100 కోట్ల రూపాయలకు తగ్గకూడదు. అప్పుడు ప్రకటించిన మూడు పథకాల్లో అన్నిటికంటే చిన్నదానికి ఒప్పుకున్నా మొదటి ఏడాది 1,000, రెండో ఏడాది 2,000, మూడో ఏడాది 3,000 యంత్రాలు పెట్టాలి. ఇలా పెట్టినవే వైట్ లేబుల్ ఏటీఎంలు. వాటి మీద బ్యాంకు పేరు ఉండదు, కంపెనీ పేరే ఉంటుంది. మొదటిది 2013లో మహారాష్ట్రలోని చంద్రపాడ అనే ఊళ్లో టాటా వారి ఇండిక్యాష్ పేరుతో మొదలైంది. అంత పెద్ద సంస్థ ముంబయి నడిబొడ్డున కాకుండా పల్లెటూళ్లో మొదలుపెట్టిందేమని అనుకోవచ్చు. పెద్ద ఊళ్లలో ఎన్ని పెడితే చిన్న ఊళ్లలో ఎన్ని పెట్టాలో అనుమతితోపాటే రిజర్వు బ్యాంకు లెక్క కట్టి ఇచ్చింది. మాలాంటి మండల కేంద్రాల్లో రోడ్డు వైపు గది ఉన్నవాళ్ల కోసం ఈ కంపెనీలు వెతకడం వెనక ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

కాబట్టి మన చేతికి వచ్చేది లైసెన్సు కాదు, ఫ్రాంచైజీ ఒప్పందం. అనుమతి కంపెనీది, యంత్రం కంపెనీది, బ్యాంకులతో లెక్కలు కంపెనీవి. మనం ఇచ్చేది గది, కరెంటు, కాపలా, అన్నిటికంటే ముఖ్యంగా అందులో పెట్టే డబ్బు. ఈ ఒక్క మాట సరిగ్గా అర్థమైతే చట్టంలో మనకు కావలసిన భాగం ఏదో దానంతటదే తేలుతుంది. యంత్రం గురించిన నిబంధనలతో కంపెనీవాళ్లు తంటాలు పడతారు. నోట్ల గురించిన నిబంధనలన్నీ మన మెడకే.

ఈ తేడా చాలామందికి ఎందుకు తెలియదంటే, వీడియోల్లో కనిపించే ఏటీఎం వ్యాపారం అమెరికాది. మా మరిది టెక్సస్‌లో గ్యాస్ స్టేషన్ నడుపుతాడు. అక్కడ అతను యంత్రాన్ని సొంతంగా కొనుక్కున్నాడు. లావాదేవీలు నడిపించే ఒక సంస్థతోనూ, దాని వెనక పూచీగా నిలబడే బ్యాంకుతోనూ ఒప్పందం రాసుకుని, గల్లాపెట్టెలో డబ్బే యంత్రంలో నింపుకుంటాడు. డబ్బు తీసుకునేవాడి దగ్గర ఎంత రుసుము వసూలు చేయాలో కూడా తానే నిర్ణయిస్తాడు. ఆ రుసుము ఎంతో ముందుగా తెర మీద చూపించి ఒప్పుకోలు తీసుకోవాలి, చూపు లేనివారికి మాటలతో దారి చెప్పే ఏర్పాటు యంత్రంలో ఉండాలి. అక్కడి కేంద్ర చట్టాలు ముఖ్యంగా అడిగేవి ఇవి. "ఇంతేనా వదినా, మీకు 100 కోట్లు కావాలా?" అని ఫోన్లో ఒకటే నవ్వు. ఇక్కడ రుసుము మన ఇష్టం కాదు. ఉచిత లావాదేవీలు అయిపోయాక ఖాతాదారు దగ్గర అతని బ్యాంకు వసూలు చేయగలిగేది 2025 మే 1 నుంచి గరిష్ఠంగా 23 రూపాయలు, దానిపైన పన్ను. అందులో పైసా కూడా నేరుగా మనకు రాదు. కార్డు ఇచ్చిన బ్యాంకు, యంత్రం నడిపే కంపెనీకి ఒక్కో నగదు లావాదేవీకి 19 రూపాయలు, బ్యాలెన్సు చూసుకోవడం వంటి వాటికి 7 రూపాయలు ఇంటర్‌చేంజ్ చెల్లిస్తుంది. మన కమీషను అందులో ముక్క.

ఇక మోసాల సంగతి. వచ్చే సందేశాలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి: మీ స్థలంలో ఏటీఎం పెడతాం, నెలకు ఇన్ని వేల అద్దె, ఇన్ని లక్షల అడ్వాన్సు, మీ ఇంట్లో ఒకరికి ఉద్యోగం. వెంటనే రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న ఆమోద పత్రం వాట్సాప్‌లో వస్తుంది. ఆ తరవాత రిజిస్ట్రేషను ఫీజు, స్థల పరిశీలన ఫీజు, ఒప్పందం ఖర్చులు, జీఎస్టీ అంటూ ఒకదాని వెనక ఒకటి. రిజర్వు బ్యాంకు ఏ ఊళ్లో ఏ గదికీ ఆమోద పత్రం ఇవ్వదు. ఆ పత్రం చూపించారంటేనే మోసమని తేలిపోయినట్టు. నిజమైన కంపెనీ అవునో కాదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చెల్లింపుల వ్యవస్థలు నడపడానికి అనుమతి పొందిన సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంటుంది, అందులో వైట్ లేబుల్ ఏటీఎం కంపెనీలకు వేరే శీర్షిక ఉంది. పేరు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా సరిపోవాలి. సరిపోయినా, అక్కడి నుంచి కంపెనీ సొంత వెబ్‌సైటుకు వెళ్లి మనమే ఫోను చేయాలి గానీ, మనకు ఫోను చేసినవాడు ఇచ్చిన నంబరుకు కాదు. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే లాభం లేదు.

ఇంకో రకం ఉంది, దాన్ని దీనితో కలపకండి. బ్యాంకు గానీ, బ్యాంకు తరఫున పనిచేసే సంస్థ గానీ మీ గదిని అద్దెకు తీసుకుంటే మీరు కేవలం ఇంటి యజమాని. డబ్బు నింపేది వాళ్లు, మీకు అద్దె వస్తుంది, అంతే. అది ఏటీఎం వ్యాపారం కాదు, అద్దె వ్యాపారం. దొరికితే అదే సుఖం. మాకు దొరకలేదు.

ఫ్రాంచైజీకి వస్తే, మాకు చూపించిన ఒప్పందంలో అంకెలు ఇవి: తిరిగి ఇచ్చే డిపాజిట్ 2 లక్షలు, నోట్లు నింపడానికి మన దగ్గర ఉండాల్సిన సొమ్ము కనీసం 3 లక్షలు, ఒక్కో విత్‌డ్రాకు కమీషను 8 రూపాయలు, బ్యాలెన్సు చూసుకుంటే 2 రూపాయలు. నాది ఏ కంపెనీయో ఇక్కడ చెప్పను. ఇంకో కంపెనీ అంకెలు ఇంకోలా ఉండవచ్చు. ఇంటర్‌చేంజ్ 17 నుంచి 19 రూపాయలకు పెరిగినప్పుడు నా కమీషను పెరగలేదు. ఎందుకు పెరగలేదని అడిగితే, కమీషను మార్చే హక్కు కంపెనీకే ఉందన్న వాక్యం చూపించారు. ఆ వాక్యం నేను సంతకానికి ముందే చదివాను, బేరమాడాను కూడా. వాళ్లు కదల్లేదు. ఈ బేరంలో పెద్ద చెయ్యి ఎవరిదో తెలిసి దిగడమే.

స్థానికంగా కావలసిన కాగితాలు పెద్దగా లేవు. గ్రామ పంచాయతీ లేదా మున్సిపాలిటీ వ్యాపార లైసెన్సు, దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మూలం 1988 నాటి చట్టమే. దుకాణం ముందునుంచీ ఉంటే ఇవి ఎలాగూ ఉంటాయి. ఇంటికి ఉన్న కరెంటు కనెక్షను మీద యంత్రం నడపకూడదు, వాణిజ్య కనెక్షను కావాలి. గది అద్దెదైతే యజమానితో రాతకోతలు తప్పనిసరి. ఆ ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి, తోచినట్టు తెల్ల కాగితం మీద రాసుకుంటే కోర్టులో నిలవదు. చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు వేయించాలి. యంత్రాన్ని గోడకో నేలకో బోల్టులతో బిగించాలని 2019లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అంతకుముందు దొంగలు యంత్రాలను తాళ్లు కట్టి వాహనాలతో లాక్కుపోయేవాళ్లు మరి. మా గది ఇంతకుముందు పురుగుమందుల గోదాము. ఆ వాసన పోవడానికి సున్నం కొట్టించి, దుకాణానికి సంబంధం లేకుండా వేరే తలుపు పెట్టించాం. ఈ ఖర్చేదీ కంపెనీ ఇవ్వదు.

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. నోట్లు.

రోజుకు వందమంది సగటున 3,000 చొప్పున తీశారనుకోండి. యంత్రంలోంచి 3 లక్షలు వెళ్తాయి. ఆ సొమ్ము మర్నాడు మన ఖాతాలో జమ అవుతుంది. మనం బ్యాంకుకు వెళ్లి మళ్లీ 3 లక్షలు తీసుకొచ్చి నింపాలి. అంటే తిరిగేది ఆ కొద్ది లక్షలే అయినా, ఖాతాలోంచి నగదుగా తీసింది ఏడాదికి దాదాపు 11 కోట్లు అవుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఇది 194ఎన్ అనే సెక్షను: ఒక బ్యాంకు నుంచి ఏడాదిలో కోటి రూపాయలకు మించి నగదు తీస్తే, మించిన మొత్తం మీద 2 శాతం బ్యాంకు ముందుగానే కోసుకుంటుంది. పన్ను రిటర్నులు వేయనివారికైతే ఆ చట్టంలో 20 లక్షల నుంచే కోత. లెక్క వేయండి. కోటి పోగా మిగిలిన దాదాపు 10 కోట్ల మీద 2 శాతమంటే సుమారు 20 లక్షలు. మన కమీషను ఏడాదికి 8 రూపాయల చొప్పున 3 లక్షలు కూడా రాదు! కోసిన పన్ను రిటర్ను వేశాక తిరిగి వస్తుంది, నిజమే. కానీ అప్పటిదాకా యంత్రంలో ఏం పెడతాం?

ఈ ఇబ్బంది ప్రభుత్వానికీ తెలుసు. 2019 సెప్టెంబరులోనే ఒక నోటిఫికేషను ఇచ్చి వైట్ లేబుల్ కంపెనీల ఫ్రాంచైజీలను ఆ కోత నుంచి తప్పించింది. కానీ షరతులున్నాయి. ఏటీఎంలో నింపడానికి తీసే డబ్బు కోసం వేరే బ్యాంకు ఖాతా ఉండాలి, అందులోంచి ఇంకే పనికీ నగదు తీయకూడదు. ఖాతాలోంచి తీసిన సొమ్ము, యంత్రంలో నింపిన సొమ్ము సరిపోయాయని పరిశీలించి కంపెనీ ప్రతి నెలా బ్యాంకుకు ధ్రువపత్రం ఇవ్వాలి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు కంపెనీవాళ్లను నేను అడగమనే ప్రశ్న ఇదొక్కటే: "నెలనెలా ఆ సర్టిఫికెట్ ఎవరు పంపుతారు, ఏ తేదీకి పంపుతారు?" జవాబు తడుముకున్నారంటే ఆ బేరం వద్దు. మా బ్యాంకు మేనేజరుకు ఆ నోటిఫికేషను సంగతి తెలియదు. ఆడిటరు గారు ప్రతి అచ్చు వేయించి ఇస్తే తీసుకువెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన పైఅధికారులను కనుక్కుని ఒప్పుకున్నారు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి అప్పటి నుంచి సెక్షన్ల అంకెలు వేరు. మీ ఆడిటరును కొత్త అంకెతో సహా అడగండి.

దుకాణంలో వచ్చిన నగదునే యంత్రంలో పెట్టుకోకూడదా అన్నది తరవాతి ప్రశ్న. పెట్టుకోవచ్చు. పెద్ద నోట్ల రద్దు గడువు ముగిసిన రోజే, అంటే 2016 డిసెంబరు 30న, చిల్లర దుకాణాల నుంచి నగదు తీసుకోవడానికి రిజర్వు బ్యాంకు ఈ కంపెనీలకు అనుమతి ఇచ్చింది. బ్యాంకుల దగ్గరే నోట్లు లేని రోజులవి. నోట్లు అసలైనవి, యంత్రానికి పనికొచ్చేవి అయి ఉండాలన్నది షరతు. దుకాణం డబ్బు నింపితే లెక్కలు రెండింతలు జాగ్రత్తగా రాయాలి: ఏ రోజు అమ్మకంలోంచి ఎంత తీసి పెట్టామో నగదు పుస్తకంలో కనిపించాలి. ఒకే మనిషి నుంచి ఒకే రోజు 2 లక్షలు, అంతకుమించి నగదు పుచ్చుకోకూడదన్న నిబంధన దుకాణానికి ఎలాగూ ఉంది. "ఏటీఎంలో వేయడానికేగా" అని తెలిసినవాళ్లు సంచిలో తెచ్చి ఇవ్వబోతారు. వద్దు. ఆ డబ్బు ఎక్కడిదో రేపు చెప్పాల్సింది మనం.

నేనైతే దుకాణం డబ్బు యంత్రంలో పెట్టడం దాదాపు మానేశాను. కారణం చట్టం కాదు, మిరపకాయలు. కోతల కాలంలో మా దగ్గరికి వచ్చే నోట్లకు కారం అంటుకుని ఉంటుంది. కట్ట విప్పితే తుమ్ములు. చెమటకు తడిసి మడతలు పడి, మూల విరిగి ఉంటాయి. మనిషి చేతికి అవి చెల్లే నోట్లే, యంత్రం మాత్రం ఊరుకోదు. నింపేముందు ప్రతి కట్టనూ లెక్కపెట్టే మిషనులో రెండు వైపుల నుంచీ తిప్పుతాను. తరవాత చేతిలో పట్టుకుని విసనకర్రలా విప్పి, అంచులు బల్లకు తట్టి సమం చేస్తాను. పిన్నుల బొక్కలున్నవీ, టేపు అతికించినవీ, ఎవరో ఫోను నంబరు రాసుకున్నవీ పక్కకు. కొత్త నోట్లతో ఇంకో గొడవ: వానాకాలంలో చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోతాయి, విడదీయకుండా పెడితే జంటగా బయటికి వస్తాయి. యంత్రం అనుమానించిన నోట్లన్నీ లోపల రిజెక్ట్ పెట్టెలో పడతాయి. ఆ పెట్టె నిండితే ఆగిపోతుంది. తలుపు తెరవడానికి తాళంచెవి ఒక్కటే చాలదు. కంపెనీ నుంచి ఫోనుకు వచ్చే కోడ్ కొట్టాలి, ఆ కోడ్ ఒక్కసారికే. తెరిచినప్పుడు యంత్రం ఇచ్చే చీటీలో ఎంత పెట్టాం, ఎంత వెళ్లింది, ఎంత రిజెక్ట్, ఎంత మిగిలింది అన్నీ ఉంటాయి. చీటీకీ చేతిలెక్కకూ 500 తేడా వచ్చినా ఆ రాత్రి నిద్ర పట్టదు. తక్కువ వస్తే మా జేబు, ఎక్కువ వస్తే కంపెనీ సొమ్ము అని ఒప్పందంలో ఉంది. ఇందులో న్యాయమేమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

దొంగనోటు సంగతి వేరే చెప్పాలి. నకిలీ అని తెలిసీ చలామణీ చేయడం భారతీయ న్యాయ సంహితలో 179వ సెక్షను కింద, తెలిసీ దగ్గర ఉంచుకోవడం 180 కింద నేరం. తెలియకుండా దొరికితే నేరం కాదు గానీ, తెలియదని చెప్పుకోవడానికి మన దగ్గర ఏదైనా ఉండాలి. నోట్లు బ్యాంకు కౌంటరులో తీసుకున్న రసీదు, లెక్కపెట్టే మిషను, కెమెరా రికార్డు, ఇవే మన సాక్షులు. బ్యాంకులో జమ చేసేటప్పుడు ఒకేసారి నాలుగు దాకా దొరికితే బ్యాంకు వాటిని పట్టుకుని నెలాఖరు నివేదికలో పోలీసులకు తెలుపుతుంది. అయిదు, అంతకుమించి దొరికితే ఎఫ్ఐఆర్. అనుమానం వచ్చిన నోటును మళ్లీ వినియోగదారుకు తోసేద్దామనే ఆలోచన మాత్రం రానివ్వకండి. 500 కోసం స్టేషను మెట్లు ఎక్కాల్సి వస్తుంది.

ఇక తిట్లు. యంత్రం మా గదిలో ఉంది కాబట్టి అందులో జరిగేదంతా మేమే చేశామని జనం నమ్మకం. మొన్న కౌలు రైతు ఒకాయన దుకాణంలోకి వచ్చి, ఎరువులు కొంటున్న నలుగురి ముందు, "మీ మిషను నా 5,000 మింగిందమ్మా" అన్నాడు. ఫోనుకు డబ్బు తీసినట్టు సందేశం వచ్చింది, నోట్లు రాలేదు. కూలీలు గట్టు మీద ఎదురుచూస్తున్నారు. గల్లాలోంచి 5,000 తీసి ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది, కానీ ఇవ్వకూడదు. రేపు అతని బ్యాంకు ఆ 5,000 తిరిగి జమ చేస్తే నా డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి నాకు ఏ దారీ లేదు. నిబంధన ప్రకారం ఫిర్యాదు చేయాల్సింది అతని కార్డు ఇచ్చిన బ్యాంకుకే. లావాదేవీ విఫలమైన రోజు నుంచి అయిదు రోజుల్లోగా ఆ బ్యాంకు సొమ్ము వెనక్కి వేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం అడగకుండానే ఇవ్వాలి. ఇది 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం. ముప్పై రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు. ఇవన్నీ చెప్పి, తేదీ, సమయం, యంత్రం నంబరు కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయనకు సంతృప్తి కలగలేదు. కూలి డబ్బు కావాలి గానీ నిబంధనలు ఎందుకు ఆయనకు? అప్పు కింద 2,000 ఇచ్చి, ఎరువుల ఖాతాలో రాసుకున్నాను. అది ఏటీఎం లెక్కలోకి రాదు, మా పాత పరిచయం లెక్కలోకి వస్తుంది. డబ్బు మూడో రోజున ఆయన ఖాతాలో పడింది.

నోట్లు అయిపోనివ్వకూడదన్నది ఇంకో బరువు. 2021 అక్టోబరు 1 నుంచి ఏ ఏటీఎంలోనైనా నెలకు మొత్తం 10 గంటలకు మించి నగదు లేకపోతే 10,000 రూపాయల జరిమానా ఉంది. వైట్ లేబుల్ యంత్రమైతే నగదు సరఫరా చేసే బ్యాంకు మీద వేస్తారు, బ్యాంకు దాన్ని కంపెనీ నుంచి రాబట్టుకోవచ్చు. కంపెనీ మన నుంచి రాబట్టుకునే వాక్యం ఒప్పందంలో పెట్టిందేమో చూసుకోండి. మా దాంట్లో పెట్టారు. రెండో శనివారం, ఆదివారం, సోమవారం పండగ కలిసొస్తే బ్యాంకు మూడు రోజులు మూత. సంక్రాంతికైతే చెప్పనే అక్కర్లేదు, ఊరికి వచ్చిన పిల్లలందరూ యంత్రం ముందే. ఆ రోజుల కోసం 3 లక్షలు చాలవు, రెట్టింపు సిద్ధంగా ఉండాలి. ఆ అదనపు డబ్బు మీద వడ్డీ ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు.

100, 200 నోట్ల విషయంలో మాత్రం రిజర్వు బ్యాంకు మా రైతుల మనసు తెలుసుకుంది. 2025 సెప్టెంబరు 30 నాటికి 75 శాతం, 2026 మార్చి 31 నాటికి 90 శాతం ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్ (లోపల నోట్లు పేర్చే పెట్టె) నుంచి 100 గానీ 200 గానీ నోట్లు రావాలని చెప్పింది. కూలీలకు పంచాలంటే చిల్లర కావాలి కదా. అయితే 100 నోట్లు నింపితే క్యాసెట్ నిండా పెట్టినా సొమ్ము తక్కువ, తొందరగా ఖాళీ అవుతుంది, మళ్లీ నింపాలి. జనానికి మంచిది, మాకు చాకిరీ. నేను 200 దగ్గర రాజీ పడ్డాను.

పన్నుల సంగతి క్లుప్తంగా. కమీషను సేవ కింద లెక్క, జీఎస్టీ 18 శాతం. మొత్తం టర్నోవరు 20 లక్షల లోపు ఉన్నవారికి నమోదు అక్కర్లేదు గానీ, టర్నోవరు అంటే దుకాణం అమ్మకాలతో కలిపి. యంత్రంలోంచి వెళ్లిన కోట్లు మన టర్నోవరు కాదు, కమీషనే. ఈ మాట మా ఆడిటరు గారు ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నారు. కాంపోజిషను పథకంలో, అంటే టర్నోవరు మీద తక్కువ శాతం జీఎస్టీ కట్టే పథకంలో ఉన్న దుకాణదారులు ఒకటి గమనించాలి: సేవల ఆదాయం కిందటేటి టర్నోవరులో 10 శాతం లేదా 5 లక్షలు, ఏది ఎక్కువైతే అంతవరకే అనుమతి. కంపెనీ కమీషను ఇచ్చేటప్పుడు ఏడాదికి 20,000 దాటితే 2 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను కింద ముందుగానే కోస్తుంది.

ఇంత పెట్టుబడి లేనివాళ్లకు మండలంలో వేరే దారులున్నాయి. దుకాణంలో కార్డు గీకే మిషను ఉంటే, మీ బ్యాంకును అడిగి దాని మీదే నగదు ఇచ్చే సౌకర్యం పెట్టించుకోవచ్చు. మాలాంటి చిన్న ఊళ్లలో కార్డుకు రోజుకు 2,000 దాకా, పెద్ద ఊళ్లలో 1,000 దాకా. రుసుము 1 శాతానికి మించకూడదు, ఆ సంగతి బోర్డు మీద రాయాలి. గల్లాలో డబ్బు బయటికి పోతుంది, అంతే సొమ్ము ఖాతాలోకి వస్తుంది, కాబట్టి నగదు మోసుకుని బ్యాంకుకు వెళ్లే బాధ తగ్గుతుంది. కొందరికి ఏటీఎం కంటే ఇదే మేలు. వేలిముద్రతో డబ్బు ఇచ్చే ఆధార్ కేంద్రం ఇంకో దారి. దానికి బ్యాంకు తరఫున ప్రతినిధిగా నమోదు కావాలి. వేలిముద్రల మోసాలు పెరిగాక రిజర్వు బ్యాంకు నిబంధనలు బిగించింది. 2026 జనవరి 1 నుంచి ఈ ఆపరేటర్ల వివరాలను బ్యాంకులు పూర్తిగా సరిచూసుకోవాలి, వరసగా మూడు నెలలు పని చేయకపోతే మళ్లీ కేవైసీ చేయాలి.

ఒప్పందంలో అందరూ చదవకుండా వదిలేసేది చివరి పేజీ, అంటే విడిపోయే పేజీ. మాది మూడేళ్ల కట్టుబాటు. డిపాజిట్ "యంత్రం తీసుకువెళ్లిన తరవాత" తిరిగి ఇస్తామని రాశారు, ఎప్పటిలోగా తీసుకువెళ్తారో రాయలేదు. అంటే వాళ్లు రానన్నాళ్లూ మన 2 లక్షలు అక్కడే, ఆ పెట్టె మన గదిలోనే. మేం వద్దన్న నెలలోపు తీసుకువెళ్లాలనీ, లేదంటే ఆ గదికి అద్దె కట్టాలనీ రాయించాకే సంతకం పెట్టాను. బోల్టులు ఊడదీశాక నేలలో మిగిలే గుంటలు ఎవరు పూడుస్తారని మా వారు పట్టుబట్టారు. కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు నవ్వాడు గానీ, ఆ వాక్యం కూడా చేర్చి ఇచ్చాడు: సిమెంటు ఖర్చు వాళ్లదే.